చనిపోయిన కణమే సాక్షి

తల్లికి ఏ జబ్బూ లేదు. ఐదో నెలలో టిఫా స్కానింగ్ చేయిస్తే కడుపులో బిడ్డ గుండె నిమిషానికి 60 సార్లే కొట్టుకుంటోందన్నారు. ఆమె రక్తం పరీక్షించి, లూపస్ ఉన్నవాళ్లలో కనిపించే ఒక యాంటీబాడీ ఉందన్నారు. "ఆ యాంటీబాడీ తయారైంది తల్లి ఒంట్లో. ఏళ్ల తరబడి తిరిగింది ఆమె రక్తంలో. ఆమె గుండె నిక్షేపంగా ఉంటే, ఇంకా లోకం చూడని బిడ్డ గుండె ఎందుకు పాడైంది?" అని ఒక పాఠకురాలు అడిగారు. దీనికి రెండు వాక్యాల్లో జవాబు చెప్పి ఊరుకోవడం నావల్ల కాదు. న్యూయార్క్ యూనివర్సిటీలో డాక్టర్ జిల్ బయాన్ అనే రుమటాలజిస్టు ఈ ప్రశ్న వెంటపడి మూడు దశాబ్దాలకు పైగా పనిచేశారు. వైద్య పరిశోధనలో నేను అన్నిటికన్నా ఇష్టపడి చదివే కథ అది.

ముందు లూపస్ సంగతి క్లుప్తంగా. సూక్ష్మక్రిముల మీదికి వెళ్లాల్సిన రోగనిరోధక శక్తి సొంత ఒంటిమీదే తిరగబడే జబ్బుల్లో ఇదొకటి. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లే. చాలామందికి పిల్లల్ని కనే వయసులోనే మొదలవుతుంది. చర్మం, కీళ్లు, మూత్రపిండాలు, దేన్నయినా పట్టుకుంటుంది. గుండెనూ వదలదు. 1924లో న్యూయార్క్ వైద్యులు ఇమాన్యుయెల్ లిబ్‌మన్, బెంజమిన్ శాక్స్ గుండె కవాటాల మీద లేచే చిన్న బుడిపెల్ని వర్ణించారు. అవి లూపస్ గుర్తులని తర్వాత తేలింది. 35 నుంచి 44 ఏళ్ల లోపు లూపస్ మహిళలకు గుండెపోటు ముప్పు అదే వయసు మిగతా మహిళల కన్నా 50 రెట్లు ఎక్కువని 1997లో పిట్స్‌బర్గ్‌కు చెందిన సుసాన్ మాంజీ బృందం లెక్కగట్టింది. ఇవన్నీ రోగి సొంత గుండెకు వచ్చే కష్టాలు. మన పాఠకురాలి ప్రశ్నలో మాత్రం యాంటీబాడీ ఒకరిది, గుండె ఇంకొకరిది.

పై గదులకూ కింది గదులకూ మధ్య

గుండె పై గదులు కర్ణికలు, కింది గదులు జఠరికలు. కొట్టుకోమనే విద్యుత్ సంకేతం పైన పుట్టి కిందికి దిగడానికి మామూలుగా ఉన్నది ఒకే దారి. అది రెంటి సరిహద్దులో ఉండే ఏవీ నోడ్ అనే చిన్న కణుపు. జర్మనీలోని మార్బుర్గ్‌లో పనిచేస్తూ దీన్ని 1906లో లోకానికి చూపించినవాడు జపాన్ వైద్యుడు సునావో తవారా. ఈ కణుపు మచ్చకట్టిపోతే సంకేతం అక్కడే ఆగిపోతుంది. కర్ణికలు నిమిషానికి 140 సార్లు కొట్టుకుంటున్నా, కబురు అందని జఠరికలు తమంతట తాము 50, 60 సార్లు కొట్టుకుని ఊరుకుంటాయి. దీన్నే పుట్టుకతో వచ్చే హార్ట్ బ్లాక్ అంటారు. "గుండెలో రెండు బ్లాకులున్నాయట" అని మనం చెప్పుకునే రక్తనాళాల పూడికకూ దీనికీ సంబంధం లేదు. చాలామంది బిడ్డల్లో గుండె నిర్మాణం సవ్యంగానే ఉంటుంది, సంకేతం దిగే దారి ఒక్కటే మూసుకుపోతుంది.

15 నుంచి 20 వేల కాన్పుల్లో ఒకరికి వచ్చే జబ్బు ఇది. సాధారణంగా 18 నుంచి 24 వారాల మధ్య బయటపడుతుంది. పూర్తి బ్లాక్ ఏర్పడ్డాక ఏ మందుకూ అది వెనక్కి మళ్లదు. బిడ్డల్లో దాదాపు ఐదోవంతు మంది దక్కరు. దక్కినవాళ్లలో ఎక్కువమందికి పేస్‌మేకర్ అమర్చాలి.

దీనికి తల్లి రక్తంతో లంకె ఉందన్న ఆధారం 1928లోనే అచ్చయింది. లాలాజల గ్రంథులు ఉబ్బే జబ్బున్న ఒక తల్లికి ఇద్దరు బిడ్డలు హార్ట్ బ్లాక్‌తో పుట్టారని ఎయిల్‌వర్డ్ అనే వైద్యుడు బ్రిటిష్ వైద్య పత్రికలో రాశాడు. షోగ్రెన్ సిండ్రోమ్ అని ఇవాళ మనం పిలిచే జబ్బుకు చాలా దగ్గరి వర్ణన అది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పిండం గుండె కట్టుబడిలో పొరపాటు జరిగిందని, అంతా విధి అని దశాబ్దాల పాటు సరిపెట్టుకున్నారు. 1977లో రెండు అమెరికన్ బృందాలు ఈ బిడ్డల తల్లుల్ని వరసపెట్టి పరీక్షిస్తే ఎంతోమందిలో లూపస్ వంటి జబ్బులు కనిపించాయి. 1983లో బ్రిటన్‌కు చెందిన స్కాట్, మాడిసన్ తదితరులు అసలు ముద్దాయిని పట్టుకున్నారు: తల్లి రక్తంలోని యాంటీ-రో యాంటీబాడీ. ఎయిల్‌వర్డ్ రాసింది చదివి ఒక్కరు ముందడుగు వేసి ఉంటే యాభై ఏళ్లు కలిసొచ్చేవి.

తల్లి యాంటీబాడీలు బిడ్డకు చేరడంలో వింతేమీ లేదు. పుట్టిన కొత్తలో బిడ్డను రోగాల నుంచి కాపాడటానికి మాయ వాటిని ఏరికోరి లోపలికి పంపుతుంది. మాయలోని ఒక ప్రత్యేక గ్రాహకం వాటిని పట్టుకుని బిడ్డ రక్తంలో వదులుతుంది. నాలుగో నెల నుంచి ఈ రవాణా జోరందుకుంటుంది. తల్లి తయారుచేసిన మంచి యాంటీబాడీలతో పాటు యాంటీ-రో కూడా అదే దారిన వెళ్తుంది. కొందరు బిడ్డలకు పుట్టాక మొహం మీద, కళ్ల చుట్టూ ఎర్రటి దద్దుర్లు వస్తాయి. తల్లి యాంటీబాడీలు అరిగిపోయే కొద్దీ, ఆరు నుంచి ఎనిమిది నెలల్లో, ఆ మచ్చలు మాయమవుతాయి. దద్దుర్లు పోతాయి, గుండెలో కట్టిన మచ్చ మాత్రం ఉండిపోతుంది.

అందని లక్ష్యం

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రో అనే ప్రోటీన్ ఉండేది కణం లోపల. దాని పని కొన్ని చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కల్ని అంటిపెట్టుకుని ఉండటం. బతికున్న కణం పొరను దాటి యాంటీబాడీ లోపలికి చొరబడలేదు. కనపడని లక్ష్యాన్ని యాంటీబాడీ ఎలా కొట్టింది? 1983 తర్వాత పదేళ్లకు పైగా ఈ రంగమంతా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

జవాబు గుండె పరిశోధకుల నుంచి రాలేదు, చర్మం మీద పనిచేసేవాళ్ల నుంచి వచ్చింది. 1994లో జాన్స్ హాప్‌కిన్స్‌లో లివియా కాసియోలా-రోసెన్, ఆంటొనీ రోసెన్ తమ సహచరుడితో కలిసి చర్మకణాల మీద అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేశారు. ఎండ తగిలితే లూపస్ ముదురుతుందన్నది రోగులందరికీ అనుభవమే. ఆ కిరణాలకు కణాలు చనిపోయాయి, కానీ పగిలి చెల్లాచెదురై చావలేదు. లోపలి నుంచే నిర్ణయం జరిగినట్టు, క్రమపద్ధతిలో ముడుచుకుంటూ చనిపోయాయి. ఈ తరహా మరణాన్ని ఎపోప్టోసిస్ అంటారు. చనిపోయే కణం మీద బుడగలు లేచాయి. ఆ బుడగల్లోకి చేరిన సరుకేమిటా అని చూస్తే, లూపస్ రోగుల యాంటీబాడీలు దేనిమీదికి వెళ్తాయో సరిగ్గా ఆ ప్రోటీన్లే గుట్టగా చేరి ఉన్నాయి. వాటిలో రో కూడా ఉంది. బతికినన్నాళ్లూ లోపల దాగిన ప్రోటీన్, చావు ఘడియలో పైకి తేలి యాంటీబాడీ చేతికి చిక్కుతోంది!

ఈ సంగతి విన్నాక బయాన్‌కు దారి కనిపించింది. పిండం గుండె కట్టుబడే తీరులో చావు ఒక భాగం. గోడలు, కవాటాలు, సంకేతం నడిచే దారులు రూపుదిద్దుకునేటప్పుడు అక్కర్లేని కణాలు తమంతట తాము తప్పుకుంటాయి. ఎదిగిన గుండెలో కణాలు ఇంచుమించు చావవు. మన పాఠకురాలి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది: తల్లి గుండెలో యాంటీబాడీకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. బిడ్డ గుండెలో దొరుకుతుంది, సరిగ్గా అది తయారవుతున్న వారాల్లో.

ఊహ అందంగా ఉంటే చాలదు, రుజువు కావాలి. 2000లో బయాన్ బృందం ప్రయోగశాలలో పెంచిన మానవ పిండపు గుండెకణాలతో దాన్ని చూపించింది. బతికున్న కణాలను తల్లుల యాంటీబాడీలు అంటుకోలేదు. ఎపోప్టోసిస్‌లో ఉన్న కణాలను అంటుకున్నాయి. అలా యాంటీబాడీ అంటిన కణాలను తిన్న మాక్రోఫేజ్‌లు, అంటే శిథిల కణాలను మింగే తెల్లకణాలు, వాపు పుట్టించే రసాయనాలు చిమ్మాయి. ఎలుకల మీద పనిచేసిన మరో బృందం, తల్లి రక్తం నుంచి మాయ దాటి వచ్చిన యాంటీబాడీలు పిండం గుండెలో చనిపోతున్న కణాల మీదే చేరుతున్నాయని చూపింది. 2004లో, హార్ట్ బ్లాక్‌తో దక్కకుండా పోయిన బిడ్డల గుండె ముక్కల్ని పరిశీలిస్తే, చనిపోయిన కణాలు, యాంటీబాడీ, మాక్రోఫేజ్‌లు, మచ్చ కట్టించే కణాలు అన్నీ ఒక్కచోటే కనిపించాయి.

విస్తళ్లు ఎత్తే చేతులు

నాకు ఈ మొత్తం కథలో అతి ప్రియమైన ఘట్టం 2006లో వచ్చింది. అప్పటిదాకా అందరూ అడిగింది ఒకటే: యాంటీబాడీ గుండెను ఎలా కొడుతోంది? బయాన్ సహచరుడు రాబర్ట్ క్లాన్సీ ఇంకొకటి అడిగారు: ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గుండెలో రోజూ ఇన్ని కణాలు చనిపోతున్నా వాపు ఎందుకు రావడం లేదు?

పెళ్లి భోజనాల్లో ఒక పంక్తి లేవగానే విస్తళ్లు చకచకా ఎత్తేసి, నేల తుడిచి, రెండో పంక్తిని కూర్చోబెడతారు. ఆ పని చేసేవాళ్లు తగ్గితే రెండో పంక్తి కూర్చోవడానికి చోటు ఉండదు. పిండం గుండెలోనూ ఇదే ఏర్పాటు ఉంది. అయితే అక్కడ ఎత్తే పని చేస్తున్నది వేరే పనివాళ్లు కాదని క్లాన్సీ బృందం గమనించింది. చనిపోయిన కణం పక్కనే ఉన్న బతికిన గుండెకణమే దాన్ని మింగి శుభ్రం చేస్తోంది! కొట్టుకోవడమే పనిగా పెట్టుకున్న గుండెకణం ఈ ఊడ్చే పని కూడా చేస్తుందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. ఆ పని సద్దు లేకుండా జరిగిపోతుంది. వాపు ఉండదు, మచ్చ ఉండదు.

ఇప్పుడు హార్ట్ బ్లాక్ బిడ్డల తల్లుల యాంటీబాడీలు కలిపారు. గుండెకణాలు చచ్చిన పొరుగుకణాన్ని మింగడం తగ్గిపోయింది. చచ్చిన కణం పైన యాంటీబాడీ కూర్చుంటే, మింగాల్సిన కణానికి అది తినదగ్గదిగా కనిపించడం లేదు. ఆలస్యం జరిగే కొద్దీ మాక్రోఫేజ్‌లు వస్తాయి. యాంటీబాడీ తోకను పట్టుకుని ఆ కణాన్ని లోపలికి లాక్కుంటాయి. అలా లాక్కున్నప్పుడు రో ప్రోటీన్ అంటిపెట్టుకున్న ఆర్‌ఎన్‌ఏ కూడా వాటి కడుపులోకి వెళ్తుంది. అక్కడ వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టడానికి ఉన్న కావలివాళ్లు, టోల్ గ్రాహకాలు 7, 8, మేలుకుంటాయి. సొంత ఆర్‌ఎన్‌ఏనే వైరస్‌గా భావించి ప్రమాద సంకేతం మోగిస్తాయి. 2010లో బయాన్ బృందం ఈ మెట్టును విడిగా నిరూపించింది. మాక్రోఫేజ్ చిమ్మే రసాయనాలు పక్కనున్న కణాల్ని మచ్చ కట్టించే కణాలుగా మారుస్తాయి. ఏవీ నోడ్ ఉన్న చోట అలాంటి మచ్చ పడితే ఆ కొద్దిపాటి జాగా చాలు, దారి మూసుకుపోవడానికి.

చూడండి, ఈ వివరణలో యాంటీబాడీ ఎవరినీ చంపలేదు. చావు ముందే జరిగిపోయింది, అదీ సహజంగానే. యాంటీబాడీ చేసింది అంత్యక్రియల్ని అడ్డుకోవడం. జబ్బంటే దాడి అని మనకున్న అలవాటు ఆలోచనను ఇది తలకిందులు చేస్తుంది. ఒంట్లో ఆరోగ్యం అనేది చావు జరగకుండా చూసుకోవడం వల్లే రాదు, చావు తర్వాతి శుభ్రత మీద కూడా నిలబడుతుందని ఇంత తేటగా చెప్పే ఉదాహరణ నాకు ఇంకొకటి కనిపించలేదు.

తప్పటడుగులు

ఈ దారిలో పక్కకు వెళ్లినవాళ్ల సంగతీ చెప్పాలి. వాళ్ల పొరపాట్లూ పనికొచ్చాయి. 2000లో ఒక ఫ్రెంచ్ బృందం, తల్లి యాంటీబాడీ పొరపాటున పిండం గుండెమీది సెరటోనిన్ గ్రాహకాన్ని పట్టుకుంటోందని ప్రకటించింది. ఆలోచన ఆకర్షణీయంగా ఉంది కాబట్టి బాగా వ్యాపించింది. బయాన్ తన దగ్గరున్న తల్లుల రక్తంతో పరీక్షించి చూస్తే బలపరిచే ఆధారం దొరకలేదు. అలా పరీక్షించగలిగారంటే కారణం 1994లో ఆమె మొదలుపెట్టిన నియోనేటల్ లూపస్ రిజిస్ట్రీ. ఇంత అరుదైన జబ్బులో ఒక్కో ఆసుపత్రికి వచ్చే కేసులు చాలా తక్కువ. దేశం నలుమూలల నుంచి తల్లుల, బిడ్డల వివరాలూ రక్త నమూనాలూ ఒక్కచోట చేర్చకపోతే ఏ ఊహనూ నిగ్గు తేల్చలేరు.

మొహమ్మద్ బుత్జ్‌దీర్ చెప్పిన కాల్షియం సిద్ధాంతాన్ని మాత్రం తోసెయ్యడానికి లేదు. తల్లుల యాంటీబాడీ గుండెకణంలోకి కాల్షియం వెళ్లే ద్వారాన్ని అడ్డుకుంటుందని, అందుకే సంకేతం నడవదని ఆయన 1990ల నుంచి చూపిస్తూ వచ్చారు. మొదట సంకేతం తడబడటానికి అది కారణం కావచ్చు. కానీ సంకేతం తడబడటం ఒకటి, శాశ్వతంగా మచ్చ పడటం మరొకటి. మచ్చ ఎలా పడిందో చెప్పాలంటే శుభ్రం కాని కణాల దగ్గరికి రావలసిందే అని నా అభిప్రాయం.

వైద్యంలోనూ తప్పటడుగులు పడ్డాయి. మాయ దాటి బిడ్డకు చేరే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్‌ను ఏళ్ల తరబడి వాడారు. పూర్తి బ్లాక్‌ను అది ఒక్కరిలో కూడా తిప్పలేకపోయింది. మచ్చకు స్టెరాయిడ్ ఏం చేస్తుంది? దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు ఎక్కించి చూసిన అమెరికన్ ప్రయోగంలో 20 మంది తల్లుల్లో ముగ్గురి బిడ్డలకు బ్లాక్ రావడంతో ముందే పెట్టుకున్న నియమం ప్రకారం దాన్ని ఆపేశారు. ఆ ఫలితాలు 2010లో వచ్చాయి.

పాత మలేరియా మాత్ర

పైన చెప్పిన గొలుసులో ఒక లంకెను గుర్తుపెట్టుకోండి: మాక్రోఫేజ్ కడుపులో మేలుకునే టోల్ గ్రాహకాలు. అవి పనిచేయాలంటే ఆ అరలో ఆమ్లం ఉండాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆ అరల్లో చేరి ఆమ్లాన్ని తగ్గిస్తుంది. మలేరియాకు పుట్టిన ఈ మందు 1950ల నుంచి లూపస్‌కూ వాడుకలో ఉంది. ప్రయోగశాలలో ఆర్‌ఎన్‌ఏ లేపిన గొడవను ఈ మందు చల్లార్చిందని బయాన్ బృందం చూసింది. అంటే ఇది గుడ్డిగా ప్రయత్నించిన మందు కాదు, జబ్బు నడిచే తీరును అర్థం చేసుకుని ఎంచుకున్న మందు.

ఒక బిడ్డకు బ్లాక్ వచ్చిన తల్లికి మళ్లీ గర్భం వస్తే ముప్పు సుమారు 18 శాతం. యాంటీ-రో ఉన్నా అంతకుముందు ఏ బిడ్డకూ బ్లాక్ రాని తల్లికి అది 2 శాతమే. 2012లో పీటర్ ఇజ్‌మిర్లీ, బయాన్ తదితరులు పాత రికార్డులు తిరగేస్తే, మందు వేసుకున్న 40 గర్భాల్లో 7.5 శాతం, వేసుకోని 217 గర్భాల్లో 21.2 శాతం బిడ్డల గుండెలు దెబ్బతిన్నట్టు తేలింది. తర్వాత ముందుచూపుతో ప్యాచ్ అనే అధ్యయనం చేశారు. అంతకుముందు ఒక బిడ్డకు బ్లాక్ వచ్చిన తల్లులకు పది వారాలు నిండకముందే రోజుకు 400 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. 54 మందిలో నలుగురి బిడ్డలకే, అంటే 7.4 శాతానికే, బ్లాక్ వచ్చింది. 18లో సగం కన్నా తక్కువ! ఇంత అరుదైన జబ్బులో ఉత్తుత్తి మాత్రలతో పోల్చే గుంపు పెట్టడం సాధ్యపడలేదు, పాత లెక్కలతోనే పోల్చారు. ఆ పరిమితి ఉన్నా, కణం స్థాయిలో కనిపెట్టింది తల్లుల దగ్గర నిజమైందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈ ఫలితాలు అచ్చయింది 2020 జులైలో. ఆ ఏడాది లోకమంతా ఇదే మందు పేరు జపించింది, కరోనాకు. అక్కడ అది పనిచేయలేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ జూన్ 15న అత్యవసర అనుమతిని వెనక్కి తీసుకుంది. ఆ హడావిడిలో మందు దొరక్క లూపస్ రోగులు అల్లాడారు. పనికిరాని చోట పత్రికలు మార్మోగిపోయాయి. నిజంగా పసిగుండెల్ని కాపాడిన చోట ఒక్క శీర్షికకూ నోచుకోలేదని నా బాధ.

చిక్కులన్నీ విడిపోలేదు. యాంటీ-రో ఉన్న నూటికి 98 మంది తల్లుల బిడ్డలు ఎందుకు బాగుంటున్నారు? కవలల్లో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడం ఏమిటి? చనిపోయిన కణం మీద యాంటీబాడీ కూర్చోకుండా రక్తంలోని ఒక ప్రోటీన్ అడ్డుపడుతుందని, దెబ్బతిన్న బిడ్డల బొడ్డు రక్తంలో అది తక్కువగా ఉందని జోఆన్ రీడ్, బయాన్ తదితరులు చూపారు. శుభ్రత కథకు ఇది సహజమైన కొనసాగింపు. మరోపక్క కొలరాడోలో బెటినా కునియో బృందం తల్లుల చేతికే చిన్న డాప్లర్ యంత్రం ఇచ్చి, ఇంట్లో రోజూ బిడ్డ గుండె వినేలా చేసింది. బ్లాక్ పూర్తిగా బిగుసుకోవడానికి కొద్ది గంటలే పడుతుంది కాబట్టి, వారానికొక స్కానింగ్ కన్నా తల్లి చెవే ముందు పసిగట్టగలదు.

ఇక మన ఇళ్ల సంగతి. గర్భం నిలవగానే "కడుపులో బిడ్డకు మంచిది కాదు" అని పెద్దవాళ్లు చెప్పారనో, సొంత భయంతోనో లూపస్ మందులన్నీ ఆపేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ విషయంలో ఇది తలకిందులు వైద్యం. యాంటీ-రో ఉన్న గర్భిణులు దీన్ని వాడటం మంచిదని, 16–18 వారాల నుంచి 26వ వారం దాకా బిడ్డ గుండెకు ఎకో పరీక్షలు చేయించుకోవాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 2020లోనే సూచించింది. మోతాదు, కంటి పరీక్షలు డాక్టరు చూసుకుంటారు. లూపస్ గానీ షోగ్రెన్ గానీ ఉండి పిల్లలు కావాలనుకునేవారు యాంటీ-రో పరీక్ష గర్భం రాకముందే అడిగి చేయించుకోవాలి. స్కానింగ్‌లో బిడ్డ గుండె నిదానంగా ఉందని తేలితే, తల్లికి ఒంట్లో ఏ నలతా లేకపోయినా ఆ పరీక్ష తప్పనిసరి. ఎందుకంటే ఈ బిడ్డల తల్లుల్లో దాదాపు సగం మందికి తమకు అలాంటి యాంటీబాడీ ఉందన్న సంగతి బిడ్డ వల్లే మొదటిసారి తెలుస్తోంది.